మెట్ట గోధుమ, కారు చౌడు, జిప్సం: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం వైపు వాళ్లకు జిప్సం కొత్త కాదు. వేరుశనగ ఊడలు దిగే సమయంలో ఎకరాకు నాలుగు బస్తాలు మొదళ్ల దగ్గర చల్లి మట్టి ఎగదోయడం చిన్నప్పటి నుంచీ చూసిన పనే. నేనూ అదే చూసి పెరిగాను. ఇప్పుడు ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రం పడమటి కొసన ఉన్న విమ్మెరా, మల్లీ అనే గోధుమ మైదానాల్లో మట్టి పరీక్షలు చేసి రైతులకు సలహా చెప్పే పనిలో ఉన్నాను. ఇక్కడ చౌడు తగ్గించడానికి వేసే జిప్సం బస్తాల్లో రాదు, లారీలకు లారీలు వచ్చి పొలం గట్టున గుట్టలు పోస్తాయి. ఊరి నుంచి ఫోన్ చేసేవాళ్లు, ఇక్కడికి వ్యవసాయం చదవడానికి వచ్చే మన పిల్లలు దాని గురించి అడిగేవి ఇంచుమించు ఒకే ప్రశ్నలు. పదిసార్లు చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను.

కారు చౌడు, పాల చౌడు ఒకటేనా?

కాదు. పాల చౌడులో ఉప్పు ఎక్కువ. ఎండాకాలం నేల మీద తెల్లగా పేరుకుంటుంది. నేల మాత్రం గుల్లగానే ఉంటుంది, నీళ్లు దిగుతాయి. మంచినీళ్లు పెట్టి, మురుగు కాలవ తీసి కడిగితే చాలావరకు దారికొస్తుంది. కారు చౌడు అలా కాదు. అందులో ఉప్పు ఎక్కువ ఉండకపోవచ్చు, కానీ బంకమట్టి రేణువులకు సోడియం అంటుకుని కూర్చుంటుంది. ఎంత కడిగినా ఊడదు, పైగా కడిగేకొద్దీ నేల ఇంకా బిగుసుకుంటుంది. జిప్సం పని ఉన్నది ఈ రెండో రకంలో. రెండూ కలిసిన నేలలు కూడా ఉంటాయి, అక్కడ ముందు జిప్సం వేసి తర్వాతే కడగాలి.

కొలతలో చెప్పాలంటే, మట్టి పట్టి ఉంచుకున్న కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, సోడియంలలో సోడియం వాటా ఎంత శాతమో చూస్తారు. దీన్నే ఈఎస్‌పీ అంటారు. అమెరికా పద్ధతిలో, మన దేశంలో కూడా, 15 దాటితే కారు చౌడు. ఆస్ట్రేలియాలో 6 దాటితేనే సోడియం నేల కింద లెక్క. ఇక్కడి వాన నీటిలో లవణాలు చాలా తక్కువ కాబట్టి 6 దగ్గరే బంకమట్టి చెదరడం మొదలవుతుంది. అందుకని రెండు దేశాల పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదివేవాళ్లు కంగారు పడకండి. గీత ఎక్కడ గీశారన్నదే తేడా.

సోడియం వల్ల గోధుమకు వచ్చే నష్టం ఏమిటి?

విషం లాంటి నష్టం కంటే నీటి నష్టం పెద్దది. కాల్షియం రెండు చేతులున్న మనిషి లాంటిది, పక్కపక్క రేణువులను పట్టుకుని గుంపుగా ఉంచుతుంది. సోడియానిది ఒంటి చెయ్యి, పైగా చుట్టూ నీటి పొరను కప్పుకుని ఉబ్బి ఉంటుంది. వాన పడగానే రేణువులు ఒకదాన్నొకటి వదిలేసి నీళ్లలో తేలిపోతాయి. ఆ సన్నటి బంకమట్టి కిందికి జారి, నేలలో ఉన్న సందులన్నీ పూడుస్తుంది.

ఆ తర్వాత జరిగేది మీరూ చూసే ఉంటారు. వాన పడితే చిక్కటి పాల టీ రంగులో నీళ్లు నిలుస్తాయి, రోజుల తరబడి ఇంకవు. ఎండ కాయగానే పైన అట్ట కడుతుంది. కింద మొలక ముడుచుకుని, పసుపు రంగులో, ఆ అట్టను పగలగొట్టలేక చచ్చిపోతుంది. దున్నితే పెళ్లలు లేస్తాయి, ఆ పెళ్లల మీద ట్రాక్టర్ ఎక్కినా పగలవు. పదును కూడా దొరకదు. నిన్న బురద, రేపు రాయి, మధ్యలో విత్తడానికి ఒక్క రోజు.

కోత అయ్యాక గొయ్యి తీసి చూస్తే అసలు బాధ కనిపిస్తుంది. అర మీటరు కింద మట్టి ఇంకా చెమ్మగానే ఉంటుంది. పైన గోధుమ గింజ పాలు పోసుకునే దశలో దాహంతో తాలుపోయింది, కింద నీరు అలాగే ఉండిపోయింది. వేరు ఆ బిగుతు పొరలోకి దిగలేకపోయింది. తడి పంటకైతే ఇంకో తడి పెట్టి సర్దుకుంటాం. మెట్టలో ఆ వీలు లేదు.

అక్కడి నేలల్లోకి అంత సోడియం ఎలా చేరింది?

సముద్రం నుంచి. వేల ఏళ్లుగా గాలితో, వానతో కొద్దికొద్దిగా ఉప్పు లోపలి మైదానాల మీద పడింది. హోర్షమ్ పట్టణం దగ్గర ఏడాదికి వాన 400 మిల్లీమీటర్ల పైచిలుకు, ఉత్తరాన మల్లీలోకి వెళ్లేకొద్దీ 300 దగ్గరికి దిగుతుంది. అనంతపురానికే 550 దాకా పడుతుందని గుర్తుంచుకోండి. పడిన వానను మల్లీ అనే పొట్టి యూకలిప్టస్ చెట్లు తాగేసేవి, ఉప్పు మాత్రం నేలలో మిగిలేది. కడిగి సముద్రానికి తిరిగి పంపేంత వాన లేదు. ఉప్పులోని సోడియం బంకమట్టికి అంటుకుంది.

విమ్మెరాలోని బూడిద రంగు బంకనేల చూస్తే మన నల్లరేగడికి చుట్టమే అనిపిస్తుంది. ఎండాకాలం నెర్రెలు అలాగే విచ్చుతాయి. పైన నాలుగు వేళ్ల మందం బాగానే ఉంటుంది, కష్టమంతా కింద.

జిప్సం వేస్తే లోపల ఏం జరుగుతుంది?

రెండు పనులు జరుగుతాయి, వాటి వేగం వేరు. జిప్సం అంటే నీటితో కూడిన కాల్షియం సల్ఫేట్. అది కరిగిన వెంటనే మట్టి నీటిలో లవణ సాంద్రత కొద్దిగా పెరుగుతుంది. అంత మాత్రానికే రేణువులు తేలిపోవడం ఆగి మళ్లీ గుంపు కడతాయి. ఇది మొదటి మంచి వాన నుంచే కనిపిస్తుంది. రెండోది నిదానం. కాల్షియం ఒక్కొక్కటిగా సోడియాన్ని నెట్టి దాని చోట కూర్చుంటుంది. నెట్టిన సోడియం సల్ఫేట్‌తో కలిసి నీటితో పాటు కిందికి దిగుతుంది.

మొదటి పని నేలలో జిప్సం మిగిలి ఉన్నంత కాలమే. రెండోది నిలుస్తుంది, కానీ అది జరగాలంటే నీరు కిందికి దిగాలి. మెట్ట రైతు ఎక్కువగా కొనుక్కునేది మొదటి పనినే అని నా అభిప్రాయం. ఈ మాట జిప్సం అమ్మేవాళ్లకు అంతగా నచ్చదు.

మా నేలకు జిప్సం కావాలో వద్దో ఇంట్లో తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు, పైసా ఖర్చు లేకుండా. ఎమర్సన్ అనే ఆస్ట్రేలియా మట్టి శాస్త్రవేత్త 1967లో ప్రచురించిన పరీక్షకు ఇది ఇంటి రూపం.

పొలంలో నాలుగైదు చోట్ల నుంచి, పైమట్టి విడిగా, జానెడు లోతు మట్టి విడిగా తీసుకుని నీడలో బాగా ఆరబెట్టండి. శనగ గింజంత పెళ్లలు మూడు ఏరండి. వెడల్పు గాజు గిన్నెలో వాన నీళ్లు పోసి, నీళ్లు కదలకుండా ఆ పెళ్లలను మెల్లగా వదలండి. వాన నీళ్లు లేకపోతే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు వద్దు. వాటిలో ఉన్న లవణాలే జిప్సంలా పనిచేసి చెడ్డ మట్టిని మంచి మట్టిలా చూపిస్తాయి. గిన్నెను ఎవరూ తాకని చోట పెట్టి పది నిమిషాలకు, రెండు గంటలకు, మర్నాడు ఉదయం చూడండి.

పెళ్ల చుట్టూ పాల పొగ లాంటి వలయం వచ్చిందంటే బంకమట్టి చెదురుతోంది. పది నిమిషాలకే వస్తే గట్టి చౌడు. మర్నాటికి కొద్దిగా వస్తే ఓ మోస్తరు. పెళ్ల విరిగి చిన్న కుప్పగా కూలి, నీళ్లు మాత్రం తేటగా ఉంటే అది చౌడు కాదు, సేంద్రియ పదార్థం తక్కువ. దానికి జిప్సం మందు కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు, కూలడాన్నీ చెదరడాన్నీ ఒకటే అనుకుంటారు.

ఇంకో మెట్టు కూడా ఉంది. వలయం వచ్చిన మట్టినే ఇంకో గిన్నెలో, చిటికెడు జిప్సం కలిపి తేర్చిన వాన నీళ్లలో వేయండి. ఈసారి నీళ్లు తేటగా నిలిస్తే మీ మట్టి జిప్సానికి మాట వింటుందని అర్థం.

ల్యాబ్ రిపోర్టులో ఏం చూడాలి?

ఈఎస్‌పీ, పీహెచ్ (నేల ఆమ్లమో క్షారమో చెప్పే అంకె), ఈసీ (మట్టిలో కరిగిన ఉప్పు ఎంతో చెప్పే కొలత), ఈ మూడూ కలిపి చూడాలి. పీహెచ్ 8.5 దాటి, ఈఎస్‌పీ ఎక్కువగా ఉండి, ఈసీ తక్కువగా ఉంటే కచ్చితమైన కారు చౌడు. ఈసీ కూడా ఎక్కువ ఉంటే గిన్నె పరీక్షలో మట్టి చెదరకపోవచ్చు, ఉప్పే దాన్ని పట్టి ఉంచుతోంది. వాన ఆ ఉప్పును కడిగేశాక బండారం బయటపడుతుంది. కాల్షియం కంటే మెగ్నీషియం ఎక్కువగా ఉన్న నేల ఈఎస్‌పీ 6 లోపే ఉన్నా చెదరవచ్చు. పది సెంటీమీటర్ల పైమట్టి ఒక్కటే పంపితే సగం కథే తెలుస్తుంది, 60 సెంటీమీటర్ల దాకా పొరపొరగా తీయించండి.

ఎకరాకు ఎంత వేయాలి?

విమ్మెరా, మల్లీలలో మామూలుగా హెక్టారుకు 2.5 టన్నులు, అంటే ఇంచుమించు మన ఎకరాకు ఒక టన్ను. చాలా చెడ్డ మచ్చల్లో దానికి రెట్టింపు.

లెక్క ఎలా వస్తుందో ఒకసారి చేసి చూద్దాం. రిపోర్టులో మట్టి మొత్తం పట్టు సామర్థ్యం (కాల్షియం, సోడియం లాంటివాటిని ఎంత పట్టి ఉంచగలదో) కిలోకు 25 సెంటీమోల్ (ల్యాబ్ వాడే కొలత), అందులో సోడియం 3.5 అని ఉందనుకోండి. ఈఎస్‌పీ 14. దాన్ని 6కి దించాలంటే సోడియం 1.5కి రావాలి, అంటే 2 సెంటీమోల్ తీసేయాలి. కిలో మట్టిలో ఒక సెంటీమోల్ సోడియాన్ని తీయడానికి 0.86 గ్రాముల శుద్ధ జిప్సం కావాలి, రెండింటికి 1.72 గ్రాములు. హెక్టారులో పది సెంటీమీటర్ల పైమట్టి బరువు సుమారు 13 లక్షల కిలోలు. గుణిస్తే 2.2 టన్నులు. మీ జిప్సం 80 శాతం శుద్ధమైతే 2.8 టన్నులు, ఎకరాకు 1.1 టన్ను. కరిగిన కాల్షియమంతా సోడియం మీదికే వెళ్లదు కాబట్టి నిజానికి ఇంకొంచెం ఎక్కువే పడుతుంది. జానెడు లోతు బాగు చేయాలంటే రెట్టింపు.

పొలమంతా ఒకే మోతాదు వేయడం డబ్బు పారబోయడమే. చౌడు ఎప్పుడూ మచ్చలుగానే ఉంటుంది. ఇక్కడ కోత యంత్రం గీసిన దిగుబడి మ్యాప్ చూసి మచ్చలకు ఎక్కువ, మంచి నేలకు సున్నా వేస్తారు. మ్యాప్ లేకపోతే ఆ పొలంలో ఇరవై ఏళ్లు దున్నిన మనిషిని అడగండి, వేలు పెట్టి చూపిస్తాడు.

హర్యానాలో ఎకరాకు నాలుగు నుంచి ఆరు టన్నులు వేసి నేలలు బాగు చేశారు కదా? మీరు ఒక టన్ను అంటున్నారేం?

ఈ ప్రశ్నకే నేను ఎక్కువసేపు జవాబు చెబుతుంటాను.

కర్నాల్‌లో 1969లో పెట్టిన కేంద్ర మృత్తికా లవణీయత పరిశోధన సంస్థ పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్ చౌడు భూములకు తయారు చేసిన పద్ధతి గొప్పది, అందులో సందేహం లేదు. పొలం చదును చేసి, చుట్టూ గట్టు వేసి, హెక్టారుకు 10 నుంచి 15 టన్నుల జిప్సం పైన పది సెంటీమీటర్లలో కలిపి, నీళ్లు నిలగట్టి, ఆపైన వరి నాటుతారు. వరి తర్వాత గోధుమ. అక్కడి రైతు చేతిలో గొట్టపు బావి ఉంది. కావలసినన్ని నీళ్లు పెట్టి జిప్సాన్ని కరిగించి సోడియాన్ని కిందికి దించగలడు.

ఇప్పుడు మెట్ట లెక్క చూడండి. జిప్సం నీటిలో కరిగేది చాలా తక్కువ, లీటరుకు రెండున్నర గ్రాముల లోపే. హెక్టారుకు 2.5 టన్నులంటే చదరపు మీటరుకు 250 గ్రాములు. అది పూర్తిగా కరగడానికి చదరపు మీటరుకు కనీసం వంద లీటర్లు, అంటే వంద మిల్లీమీటర్ల వాన కావాలి. నిజానికి పలుకు ముతకగా ఉంటుంది, వాన తెరలు తెరలుగా పడుతుంది, కొంత ఆవిరవుతుంది, అందుకని ఇంకా ఎక్కువే కావాలి. అదే పది టన్నులు వేస్తే నాలుగు వందల మిల్లీమీటర్లు. హోర్షమ్‌లో అది దాదాపు ఏడాది వాన. మిగిలిన జిప్సం పోదు, నేలలోనే ఉండి తర్వాతి ఏళ్లలో కరుగుతుంది. కానీ మీ డబ్బు అంతకాలం నేలలో పడి ఉంటుంది. హెక్టారుకు పది టన్నులు ఒకేసారి కొనే బదులు ఎకరాకు టన్ను చొప్పున మూడు నాలుగేళ్లకోసారి వేయడమే మెట్ట రైతుకు తెలివైన పని.

ఇంకో తేడా కూడా ఉంది. తడి పొలంలో సోడియం వేళ్ల పొరను దాటి చాలా కిందికి పోతుంది. మెట్టలో అర మీటరు దిగితే గొప్ప. కాబట్టి ఇక్కడ నేలను పూర్తిగా మార్చేద్దామన్న ఆశ పెట్టుకోము. పైపొర తెరుచుకుని ఈ ఏటి వానను లోపలికి తీసుకుంటే చాలు.

ఎప్పుడు చల్లాలి? దున్ని కలపాలా?

ఇక్కడ గోధుమ ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా విత్తి, నవంబర్, డిసెంబర్‌లలో కోస్తారు. వేసవి జనవరి, ఫిబ్రవరిలో. జిప్సం చల్లేది ఆ వేసవి నుంచి విత్తడానికి ముందు దాకా, నేల గట్టిగా ఉండి లారీ తిరగగలిగినప్పుడు. తొలి వానకు ముందు నేల మీద ఉండాలన్నదే లెక్క.

దున్ని కలపడం తప్పనిసరి కాదు. ఇక్కడ చాలామంది దుక్కి లేకుండా పాత కొయ్యకాళ్ల మధ్యనే విత్తుతారు. జిప్సం పైన చల్లి వదిలేస్తే వానే దించుకుంటుంది. తడి నేలను మాత్రం జిప్సం పేరు చెప్పి కెలకవద్దు. చౌడు మట్టిని తడిలో దున్నడం కంటే పెద్ద హాని లేదు. గాలి వీచే రోజు చల్లితే సగం పక్కవాడి పొలానికి పోతుంది, పక్కవాడు థాంక్స్ కూడా చెప్పడు.

ఒకసారి వేస్తే ఎన్నేళ్లు పనిచేస్తుంది?

ఎకరా టన్ను మోతాదులో మూడు నుంచి ఐదేళ్లు. వాన ఎక్కువ పడిన చోట త్వరగా అయిపోతుంది. తేదీని నమ్ముకోకుండా, ప్రతి ఏడూ విత్తే ముందు గిన్నె పరీక్ష చేయండి. వలయం తిరిగి వచ్చిన ఏడాది మళ్లీ వేయాలి.

దిగుబడి ఎంత పెరుగుతుంది?

శాతాల్లో చెప్పేవాళ్లను నమ్మకండి, నీటి లెక్కలో ఆలోచించండి. దక్షిణ ఆస్ట్రేలియాలో ఫ్రెంచ్, షుల్ట్జ్ అనే ఇద్దరు 1984లో ఒక సూత్రం ప్రచురించారు. ఇక్కడి ప్రతి గోధుమ రైతుకూ అది ఎక్కం లాగా నోటికి వచ్చు. పంట కాలంలో పడిన వానలో 110 మిల్లీమీటర్లు నేల నుంచి ఆవిరైపోతాయని తీసేసి, మిగిలిన ఒక్కో మిల్లీమీటరుకు హెక్టారుకు 20 కిలోల గింజ రాగలదు అని. పంట కాలంలో 270 పడితే 160 మిగులుతుంది, అంటే 3,200 కిలోలు, ఎకరాకు 13 క్వింటాళ్లు. ఇది పైకప్పు, అందరికీ అందదు.

ఇప్పుడు చౌడు పొలంలో 30 మిల్లీమీటర్లు పైనుంచి పారిపోవడమో, లోపల వేరుకు అందకుండా ఉండిపోవడమో జరిగిందనుకోండి. నష్టం హెక్టారుకు 600 కిలోలు, ఎకరాకు దాదాపు రెండున్నర క్వింటాళ్లు. జిప్సం తిరిగి తేగలిగేది ఇందులో ఒక భాగాన్నే. దానికి మించి వచ్చిందని ఎవరైనా చెబితే, ఆ ఏడు వాన బాగా పడి ఉంటుంది, పేరు జిప్సానికి వచ్చి ఉంటుంది. వాన అసలే లేని ఏడు జిప్సం కరగనే కరగదు. ఆ ఏడు లాభం సున్నా, టెన్షన్ మాత్రం ఫుల్లు.

ఖర్చు గిట్టుతుందా?

గిట్టేదీ గిట్టనిదీ చాలావరకు లారీ కిరాయి తేలుస్తుంది. జిప్సం చవక సరుకు, బరువు సరుకు. ఇక్కడ మల్లీలోనే ఎండిన ఉప్పు చెరువుల పక్కన జిప్సం గనులున్నాయి, అందుకే విమ్మెరా, మల్లీ రైతులకు అది అందుబాటులో ఉంది. దక్షిణ ఆస్ట్రేలియాలో సెడూనా పట్టణానికి పడమట లేక్ మెక్‌డొనెల్ అనే చోట చాలా పెద్ద గని ఉంది, అక్కడి సరుకు థెవనార్డ్ రేవు నుంచి ఓడలెక్కుతుంది. మన దేశంలో గని జిప్సం దాదాపు అంతా రాజస్థాన్‌దే. నాగౌర్, బికనీర్ నుంచి కర్నూలు దాకా వచ్చేసరికి కిరాయి సరుకు ధరను మించిపోతుంది.

ఖర్చును ఒక పంట మీద వేయకుండా మూడేళ్ల మీద పంచండి. మధ్యలో ఆవ జాతి పంట కనోలా వేస్తే జిప్సంలోని గంధకం దానికి ఎరువుగా కూడా పనికొస్తుంది, ఆ మేరకు గంధకం ఎరువు ఖర్చు తగ్గుతుంది.

ఏ జిప్సం కొనాలి?

గంధకం శాతం అడగండి. శుద్ధ జిప్సంలో 18.6 శాతం గంధకం ఉంటుంది. మీకు ఇచ్చేదాంట్లో 14 ఉంటే అది 75 శాతం శుద్ధం, మిగతాది మట్టో సున్నమో. టన్ను ధర కాకుండా, శుద్ధ జిప్సం టన్నుకు ఎంత పడుతుందో లెక్క వేసి పోల్చండి. తడి కూడా తీసేయండి, నీళ్లకు డబ్బు కట్టకండి. పలుకు సన్నగా ఉంటే త్వరగా కరుగుతుంది, కొంచెం ముతకగా ఉంటే ఎక్కువ కాలం వస్తుంది. రెండూ కలిసి ఉన్నది నాకు ఇష్టం.

ఉప్పు చెరువు జిప్సంలో మామూలు ఉప్పు కలిసి ఉండవచ్చు. ఇక్కడికి వచ్చిన కొత్తలో నా సలహా మీద ఒక రైతు చవకగా దొరికిందని కొన్న సరుకును, పరీక్ష చేయించకుండా చల్లించాం. తర్వాత నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంది. చౌడు తగ్గించడానికి సోడియం కొని చల్లామన్న మాట. ఆయన పెద్ద మనసుతో నవ్వి ఊరుకున్నాడు, నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి లోడు దించక ముందే సోడియం, క్లోరైడ్ పరీక్ష అడుగుతున్నాను.

ఫాస్ఫేట్ ఎరువుల ఫ్యాక్టరీల నుంచి వచ్చే ఫాస్ఫోజిప్సం సన్నగా ఉండి వేగంగా కరుగుతుంది. విశాఖపట్నంలోనూ అది తయారవుతుంది. అందులో కొద్దిపాటి ఫ్లోరైడ్, కాడ్మియం ఉండవచ్చు కాబట్టి రిపోర్టు చూసి కొనండి. ఫాల్స్ సీలింగ్ బోర్డుల తుక్కు పొడి చేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. కాగితం, మేకులు, పెయింటు లేకుండా ఉంటే వాడొచ్చు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వద్దు, తడి తగిలితే గడ్డకడుతుంది.

సున్నం వేస్తే చాలదా? అందులోనూ కాల్షియమే కదా?

పీహెచ్ 8 దాటిన నేలలో సున్నపురాయి పొడి దాదాపు కరగదు. మల్లీ నేలల్లో కింద సున్నపు గులకలు కావలసినన్ని ఉన్నాయి, మన రాయలసీమ నేలల్లో సుద్ద ఉన్నట్టే. ఇల్లంతా బియ్యం ఉన్నా పొయ్యి లేకపోతే అన్నం ఉడకదు. ఆమ్ల గుణం ఉన్న సోడియం నేలలు కూడా కొన్ని చోట్ల ఉన్నాయి, వాటికి సున్నం, జిప్సం రెండూ కలిపి వేస్తారు.

గంధకం పొడి వేసి, మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చి, ఆ ఆమ్లం నేలలోని సున్నాన్ని కరిగించేలా చేసే దారి ఇంకొకటి. కిలో గంధకం అయిదుంపావు కిలోల జిప్సానికి పైగా సమానం. కానీ అది మారడానికి తడి, వెచ్చదనం, ఓపిక కావాలి. మెట్టలో మొదటి రెండూ ఒకేసారి దొరకవు.

పైన బాగుంది, కింద పొరే చౌడు. అప్పుడు?

కష్టమే. పైన చల్లిన జిప్సం అక్కడికి చేరడానికి చాలా ఏళ్లు పడుతుంది. లోతు దుక్కి ఒక్కటే చేస్తే చీల్చిన బంకమట్టి మొదటి వానకే మళ్లీ అతుక్కుంటుంది, చీల్చిన చాలులోకే జిప్సం పడేలా చేస్తే కొంత నిలుస్తుంది. విక్టోరియాలో వాన ఎక్కువ పడే ప్రాంతాల్లో లా ట్రోబ్ విశ్వవిద్యాలయం వాళ్లు హెక్టారుకు ఇరవై టన్నుల దాకా కోళ్ల ఎరువు లాంటివి బిగుతు పొరలోకి దించి మంచి దిగుబడులు చూపించారు. ఖర్చు వింటే మాత్రం కళ్లు తిరుగుతాయి.

మల్లీలో ఇంకో చిక్కు, లోపలి పొరల్లో బోరాన్ కూడా ఎక్కువ. అది జిప్సంతో పోదు. అక్కడ బోరాన్‌ను తట్టుకునే గోధుమ రకమే దారి.

ఎక్కడ వేయకూడదు?

గిన్నె పరీక్షలో నీళ్లు తేటగా ఉన్న చోట. ఇసుక నేలల్లో అసలే వద్దు, చెదరడానికి బంకమట్టే లేదు, పైగా కాల్షియం పొటాషియాన్ని, మెగ్నీషియాన్ని నెట్టేసి కిందికి పంపిస్తుంది.

మన ఆంధ్ర, తెలంగాణల్లో ఈ పద్ధతి పనికొస్తుందా?

గోధుమ మన దగ్గర తక్కువ, ఆదిలాబాద్, జహీరాబాద్ వైపు కొంచెం ఉంది. ఈ అనుభవానికి దగ్గరగా ఉన్నది కర్నూలు, ప్రకాశం నల్లరేగళ్లలో వేసే రబీ శనగ. అది నేల దాచుకున్న తడి మీదే బతుకుతుంది కాబట్టి సెప్టెంబర్, అక్టోబర్ వాన ఎంత లోపలికి ఇంకిందన్నదే ప్రాణం. అక్కడ వాన నీరు టీ రంగులో నిలిచే మచ్చలుంటే గిన్నె పరీక్ష చేసి, మే నెలలో ఆ మచ్చల మీద ఎకరాకు టన్ను చొప్పున వేసి చూడవచ్చు.

కాలవ కింద, బోరు కింద వరి వేసే కారు చౌడుకు మాత్రం నా మెట్ట లెక్క వద్దు. అక్కడ ల్యాబ్ చెప్పిన పూర్తి మోతాదు, నీళ్లు నిలగట్టి తీయడం, తర్వాత జీలుగ వేసి కలియదున్నడం, జింకు సల్ఫేట్, ఈ వరసే సరైనది. బాపట్లలో ఉప్పు నీటి సాగు మీద పరిశోధన కేంద్రం ఉంది, దగ్గర్లో ఉన్నవాళ్లు వాళ్లను అడగండి. బోరు నీళ్లలోనే సోడా ఉంటే నేలకు ఎంత వేసినా తిరిగి చౌడవుతుంది. ముందు నీళ్ల పరీక్ష.

వేరుశనగకు వేసే నాలుగు బస్తాల జిప్సంతో చౌడు పోతుందా అని కూడా అడుగుతారు. పోదు. అది కాయకు కాల్షియం అందించే మోతాదు, ఇక్కడ వేసేదాంట్లో ఐదో వంతు.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఒక పట్టీ వదిలేయండి. పొలం ఈ చివర నుంచి ఆ చివర దాకా, కోత యంత్రం వెడల్పున, జిప్సం పడకుండా. దాని రెండు కొసల్లోనూ కర్రలు పాతండి. తొలి వాన తర్వాత రెండు వైపులా నిలిచిన నీళ్లను గ్లాసులో ముంచి పక్కపక్కన పెట్టి చూడండి, అప్పుడే తేడా తెలుస్తుంది. మొలకలు లెక్కపెట్టండి. కోత రోజు పట్టీని విడిగా తూచండి.

నేను సలహా చెప్పిన మొదటి పొలంలో పట్టీ వదలలేదు, మొత్తం చల్లించేశాను. ఆ ఏడు వాన కుదిరి పంట బాగా వచ్చింది. జిప్సం వల్లా, వాన వల్లా అని ఆ రైతు అడిగితే జవాబు చెప్పలేకపోయాను. మరుసటి సారి కర్రలు ఆయనే పాతాడు.